బోనెట్టు తెరచిన గృహస్థుడు

పెన్నానది గండికోట కొండను నిలువునా కోసికొని, మైలవరము జలాశయమున కొంత విశ్రమించి, జమ్మలమడుగు ప్రక్కగా ప్రొద్దుటూరు పొలిమేరకు చేరు ప్రాంతమునందును, దానికి దక్షిణమున చీనీతోటలతోను అరటితోటలతోను పచ్చగా కనబడు పులివెందుల సీమయందును, కారు కొనినవాడు కొనిన కొలదికాలమునకే ఒక ప్రశ్నను ఎదుర్కొనును. వాహనమునకు ఏ చిన్న యిబ్బంది కలిగినను దానిని కంపెనీవారి సర్వీసు కేంద్రమునకే తోలుకొనిపోవలెనా, ఊరిలోని షెడ్డునకు అప్పగింపవలెనా, లేక తానే బోనెట్టు తెరచి, పానా చేతబట్టి, తనకు తెలిసినంతలో సరిచేసికొనవచ్చునా?

ఈ ప్రశ్నకు చాలమంది ధనదృష్టితో మాత్రమే సమాధానము వెదకుదురు. కంపెనీ బిల్లు చూచి గుండె చెదరినవారు ఇంటి మరమ్మతును పొగడుదురు. ఇంటి మరమ్మతులో చేయి కాల్చుకొనినవారు కంపెనీ బిల్లును సమర్థింతురు. నా దృష్టిలో ఇది మొదట భౌతిక రసాయన శాస్త్రముల ప్రశ్న, తరువాతనే పద్దుపుస్తకపు ప్రశ్న. ఏ భాగము ఎందుచేత చెడుచున్నదో, ఆ చెడుటను ఏ కొలతతో ముందుగా పసిగట్టవచ్చునో ఎరిగినవానికి, ఏ పని తనది, ఏ పని ఇతరులది అను విభజన దానంతటదియే తేటపడును. ఎరుగనివానికి ఇంటి మరమ్మతు సాహసమగును, కంపెనీ మరమ్మతు దైవాధీనమగును.

కారు తయారుచేయువారు ప్రతి వాహనముతోడను ఒక మాన్యువల్ నిచ్చెదరు. ఇన్ని వేల కిలోమీటర్లకు ఇంజను ఆయిలు మార్చవలెను, ఇన్ని వేలకు గాలి ఫిల్టరు మార్చవలెను అను పట్టిక అందులో నుండును. ఆ పట్టికను కొందరైనను చూచెదరు గాని, దాని వెనుకనే కఠిన పరిస్థితులలో తిరుగు వాహనములకని వేరొక పట్టిక యుండుననియు, ధూళి రోడ్లపై నడచు బండ్లకును, తరచుగా కొలదిదూరములు పోయి ఆగు బండ్లకును అందు గడువులు తగ్గింపబడి యుండుననియు గమనించువారు అరుదు. వేసవిలో తరచుగా 43, 44 డిగ్రీలకు ఎగబ్రాకు ఎండయు, సిమెంటు లారీలును నాపరాతి లారీలును రేపు దుమ్మును, సున్నము కరగియున్న భూగర్భజలమును ఒక్కచోట కూడిన మన ప్రాంతమునకు ఆ రెండవ పట్టికయే మొదటి పట్టిక కావలెను. ఈ మూడింటిలో నీటినిగూర్చి ముందుగా చెప్పెదను. ఏలయన, ఇంజనులను నిశ్శబ్దముగా చంపునది అదియే, నివారణ సులభమైనదియు అదియే.

కడప ప్రాంతపు శిలలు భూగర్భశాస్త్రజ్ఞులకు సుప్రసిద్ధములు. పులివెందులకు సమీపమునందున్న వేంపల్లె పేరనే పిలువబడు అతిప్రాచీనమైన డోలమైటు శిలాశ్రేణి యొకటి కలదు. తుమ్మలపల్లె యురేనియము దొరకుచున్నది ఆ శ్రేణిలోనే. ఎర్రగుంట్ల, చిలంకూరు ప్రాంతములలో సిమెంటు కర్మాగారములు వెలసినది అక్కడి సున్నపురాతిని నమ్ముకొనియే. మన యిండ్లలో పరచు నాపరాయియు సున్నపురాయియే. వర్షజలము గాలినుండియు నేలనుండియు బొగ్గుపులుసు వాయువును గ్రహించి, స్వల్పముగా ఆమ్లగుణము పొంది, ఈ రాళ్ళ పగుళ్ళగుండ దిగునపుడు కాల్షియము, మెగ్నీషియము బైకార్బొనేట్లను తనలో కలుపుకొనును. అట్టి నీటిని కాచినపుడు బొగ్గుపులుసు వాయువు బయటికి పోయి, కరగియున్న బైకార్బొనేటు కరగని కార్బొనేటుగా మారి, పాత్ర గోడలకు తెల్లని పొరవలె అంటుకొనును. బోరునీరు కాచు గిన్నె అడుగును గాని, గీజరులోని కడ్డీని గాని చూచినవారికి ఈ పొర క్రొత్తదికాదు.

కారులోని రేడియేటరు చేయుపని యేమి? ఇంజనులో కాలిన పెట్రోలు శక్తిలో రమారమి మూడవవంతు మాత్రమే చక్రములను త్రిప్పు పనికి వచ్చును. సుమారు మరియొక మూడవవంతు పొగగొట్టముగుండ పోవును. మిగిలినదానిలో అధికభాగమును ఇంజను చుట్టును ప్రవహించు ద్రవము మోసికొని వచ్చి, రేడియేటరులోని సన్నని అల్యూమినియము గొట్టములద్వారా గాలికి అప్పగింపవలెను. ఆ గొట్టముల లోపల కాల్షియము కార్బొనేటు పొర కట్టినచో ఏమగును? ఉష్ణమును ప్రసరింపజేయు శక్తిలో ఆ పొర అల్యూమినియమునకు సుమారు నూరవవంతు మాత్రమే. అనగా మిల్లీమీటరులో కొన్ని వంతుల మందముగల సున్నపు పొర, లోహపు గోడ నెంతో మందము చేసినదానితో సమానముగా ఉష్ణమునకు అడ్డుపడును. మే నెలలో, ఏ.సి. వేసికొని, నలుగురిని ఎక్కించుకొని, పులివెందుల నుండి కడపకు పోవు కారులో ఉష్ణసూచిక పైకి లేచినదనిన, దోషము ఎండదని అందరును అనుకొందురు. ఎండ ఆ దినముననే పుట్టినది కాదు. రెండు మూడు సంవత్సరములుగా కూలెంటు తగ్గినప్పుడెల్ల దారిలో దొరకిన బోరునీటిని పోయుచు వచ్చిన అలవాటు ఆ దినమున ఫలించినది.

ఉష్ణము హద్దు మీరినచో అల్యూమినియముతో చేసిన సిలిండరు హెడ్డు వంగును, హెడ్డునకును బ్లాకునకును నడుమనున్న గాస్కెటు చెడును, నీరు ఆయిలులో కలియును. అప్పుడు పని లేతు యంత్రమువరకు పోవును. ఖర్చు వేలమీద వేలు. నివారణకు కావలసినది కంపెనీవారు చెప్పిన రకపు కూలెంటు, డిస్టిల్డు వాటరు, వారమునకొకసారి తెల్లవారుజామున ఇంజను చల్లగానున్నపుడు ట్యాంకులోని మట్టమును చూచు కన్ను. కూలెంటులోని ఇథిలీన్ గ్లైకాలు మరుగు ఉష్ణోగ్రతను పెంచును. దానిలో కలిపిన రసాయనములు లోహమును తుప్పునుండి కాపాడును. ఆ రసాయనములు కాలక్రమమున తరిగిపోవును గనుక, రంగు బాగుగానే యున్నదని సంవత్సరములకొలది అదే ద్రవమును ఉంచరాదు. రేడియేటరు మూత కేవలము మూత కాదు. అదియొక పీడన కవాటము. లోపలి పీడనమును వాతావరణ పీడనముకంటె సుమారు ఒక బారు అధికముగా నుంచుటచేత, 100 డిగ్రీలకు మరుగవలసిన నీరు 120 డిగ్రీల వరకు మరుగక నిలుచును. వేడిగానున్న ఇంజనుపై ఆ మూతను విప్పినవాడు ఆ పీడనమును ఒక్కసారి తొలగించినవాడగును. 110 డిగ్రీల ద్రవములో కొంత తత్క్షణము ఆవిరియై, మిగిలిన వేడి ద్రవమును ముఖముమీదికి చిమ్మును. ఇట్లు కాలినవారు మన ప్రాంతమున కొందరు కలరు. ఇంజను చల్లబడువరకు మూతను తాకకుండుట కారు సంరక్షణలో ప్రథమ పాఠము.

ఇక ధూళి. పెట్రోలు ఒక లీటరు సుమారు 740 గ్రాములు తూగును. అది సంపూర్ణముగా కాలుటకు తన బరువునకు 14.7 రెట్ల గాలి కావలెను. లెక్క కట్టినచో ఒక లీటరు పెట్రోలునకు 9 వేల లీటర్లకు మించిన గాలి. లీటరునకు 15 కిలోమీటర్లు పోవు కారు నూరు కిలోమీటర్లు నడచులోపల 60 వేల లీటర్లకు పైగా గాలిని పీల్చును. ఎర్రగుంట్ల, ముద్దనూరు రోడ్లపై ఆ గాలిలో నేమియున్నదో వేరుగ చెప్పనక్కరలేదు. దుమ్ములోని సిలికా రేణువులు సిలిండరు గోడల లోహముకంటె గట్టివి. పిస్టను రింగునకును గోడకును నడుమ కొన్ని మైక్రానుల మందమున నిలుచు నూనెపొరలో అవి చిక్కుకొనినచో, ఆకురాతివలె రెండింటిని అరగదీయును. మెకానిక్కులు ఇంజను బోరుకు వచ్చినదని చెప్పు స్థితికి ఈ అరుగుదల ఒక ముఖ్యకారణము. ఈ మహోపద్రవమును ఆపుచున్నది మడతలు పెట్టిన కాగితపు ఫిల్టరొకటి. చాల కార్లలో దాని పెట్టె మూత నాలుగు క్లిప్పులతో మూయబడి యుండును; పనిముట్టులు లేకయే, ఐదారు నిమిషములలో, పదియేండ్ల బాలుడు సైతము చూచి నేర్చుకొనదగిన పని. కంప్రెసరు గాలిని దగ్గరనుండి గట్టిగా కొట్టించినచో కాగితము చిరుగును. చిరిగిన ఫిల్టరు లేని ఫిల్టరుతో సమానము. శుభ్రపరచుటకంటె మార్చుటయే మేలు. ఇంత తేలిక పనికై యాభైయరువది కిలోమీటర్లు పోయి, దినమంతయు నిరీక్షించి, రుసుము చెల్లించుట అవసరమని నేను అనుకొనను.

ఇంజను ఆయిలు విషయమున ఒక అపోహను తొలగింపవలసియున్నది. మన ఎండకు చిక్కని ఆయిలు కావలెనని నమ్మి, 5డబ్ల్యు-30 గాని 0డబ్ల్యు-20 గాని పోయవలసిన నూతన ఇంజనులలో 20డబ్ల్యు-50 పోయువారు కలరు. ఇంజను లోపలి ఉష్ణోగ్రతను నిర్ణయించునది బయటి యెండకంటె థర్మోస్టాటు; చలికాలమందైనను వేసవియందైనను వేడెక్కిన ఇంజనులో కూలెంటు ఇంచుమించు ఒకే ఉష్ణోగ్రతలో నుండును. నేటి ఇంజనులలో నూనె మార్గములు సన్ననివి. వాల్వుల కాలమును మార్చు యంత్రాంగము నూనె పీడనముతోనే నడచును. చిక్కని నూనె తెల్లవారి మొదటిసారి స్టార్టు చేసినపుడు పైభాగములకు ఆలస్యముగా చేరును, ఆ కొలది క్షణములలోనే అరుగుదల యెక్కువ. మాన్యువల్ ఏ అంకెను అనుమతించినదో ఆ అంకెకే కట్టుబడవలెను. నూనె మార్చుట గృహస్థునికి సాధ్యమే గాని, అడుగున నున్న డ్రెయిన్ బోల్టు ఉక్కుది, అది బిగియు సంపు అనేక కార్లలో అల్యూమినియముది. బలముకొలది బిగించినచో మర చెడును. బిగింపును కొలుచు టార్కు పానా యొకటి కొనుక్కొనక ఈ పనికి పూనుకొనరాదు. తీసిన పాత నూనెను మురుగుకాలువలో గాని పొలముగట్టున గాని పోయుట మహాపరాధము. దానిని డబ్బాలో పట్టి, పాత ఆయిలు సేకరించువారికి అమ్ము షెడ్డునకు ఈయవలెను.

ఇంతవరకు చెప్పినది ఏ కాలపు కారునకైనను చెల్లును. ఐతే ఒక తరమునకు పూర్వము ఇంటి మరమ్మతు అనుమాట నేటికంటె విస్తృతమైన అర్థము కలిగియుండెను. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మహీంద్రా జీపు నడచిన కాలమున ఇంజను రహస్యమంతయు కంటికి కనబడుచుండెను. కార్బ్యురేటరులో చెత్త చేరినదా, విప్పి ఊదిరి. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు కాలినవా, ఉప్పుకాగితముతో రుద్ది, గేజీతో ఎడము సరిచూచిరి. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 సైతము మొదటి సంవత్సరములలో ఆ సంప్రదాయమునకు చెందినదే. 2000 సంవత్సరమున దేశమంతట అమలుపరచిన ఉద్గార నియమములతో కార్బ్యురేటరు తప్పుకొనసాగెను. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి 6 వచ్చునప్పటికి ఇంజనులో ప్రతి తుంపరను, ప్రతి నిప్పురవ్వను ఒక చిన్న కంప్యూటరు నిర్ణయించు స్థితి యేర్పడెను. పొగలో మిగిలిన ఆక్సిజనును కొలుచు సెన్సారు ఆ కంప్యూటరునకు నిరంతరము వార్త నంపును; ఆ వార్త ననుసరించి అది పెట్రోలును హెచ్చించును, తగ్గించును. వాయుకాలుష్యమునకు ఇది పరమోపకారము. పూర్వపు కార్ల సరళతను తలచి నిట్టూర్చువారు పూర్వపు కార్ల పొగను మరచుచున్నారు.

ఐనను ఈ మార్పుతో మరమ్మతు జ్ఞానము కంటికి కనబడు లోహమునుండి కంటికి కనబడని సంకేతములోనికి మారిపోయెను. స్టీరింగు క్రింద, డ్రైవరు మోకాళ్ళకు సమీపమున, 16 పిన్నుల సాకెట్టు ఒకటి యుండును. అమెరికాలో 1996 నమూనా కార్లనుండియు, మన దేశమున 2010 తరువాత దశలవారీగాను ఇట్టి స్వయంపరీక్షా వ్యవస్థ తప్పనిసరి యయ్యెను. లోపమును పసిగట్టినపుడు కంప్యూటరు మీటరుపై ఇంజను ఆకృతిగల పసుపుపచ్చని దీపమును వెలిగించి, ఒక కోడును జ్ఞాపకముంచుకొనును. ఈ సాకెట్టునకు తగిలించి ఫోనులో ఆ కోడును చదువు చిన్న పరికరములు నేడు సాధారణ గృహస్థుడు కొనగల ధరకు దొరకుచున్నవి. ఇదియొక గొప్ప విముక్తి. ఇందులో ఒక గొప్ప ప్రమాదమును కలదు.

ఆ ప్రమాదము ఉదాహరణతో గాని తెలియదు. పి 0171 అను కోడునకు అర్థము, ఇంజనులో పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైనదని కంప్యూటరు గ్రహించినదని మాత్రమే. తొందరపాటువాడు ఈ కోడు చూచి ఆక్సిజను సెన్సారును మార్పించును. ఆ సెన్సారు పాపము సత్యమునే చెప్పినది. సత్యము చెప్పిన సాక్షిని శిక్షించి దోషిని విడిచిపెట్టినట్లైనది. గాలిని లోపలికి తెచ్చు రబ్బరు గొట్టము ఎండకు పెళుసై చీలియుండవచ్చును. గాలి ప్రమాణమును కొలుచు సెన్సారుపై దుమ్ము పట్టియుండవచ్చును. పెట్రోలు పంపు బలహీనమై యుండవచ్చును. వీనిని వేరుచేయు ఉపాయము కలదు. కంప్యూటరు పెట్రోలును ఎంతశాతము హెచ్చించుచున్నదో ఆ చిన్న పరికరమే ఫోనులో చూపును. గాలిని కొలుచు సెన్సారుగల ఇంజనులో, బండి నిలిచి మెల్లగా తిరుగునపుడు ఆ శాతము మిక్కిలి హెచ్చుగా నుండి, ఇంజను వేగము పెంచగనే సాధారణ స్థితికి దిగినచో, కొలతకు అందని గాలి ఎక్కడనో చీలికగుండ దూరుచున్నదని ఊహింపవలెను. ఏలయన, మెల్లగా తిరుగునపుడు ఆ దొంగగాలి మొత్తము గాలిలో పెద్దభాగము, వేగము పెరిగినపుడు స్వల్పభాగము. అట్లుగాక బరువులాగునపుడే శాతము పెరిగినచో పెట్రోలు చాలుట లేదని అనుమానింపవలెను. కోడు రోగలక్షణము, రోగనిర్ణయము కాదు. ఈ భేదము తెలియని కంపెనీ మెకానిక్కు కంటె తెలిసిన గృహస్థుడు నిపుణుడనుటకు నేను సంకోచింపను.

బ్యాటరీ విషయమును అట్టిదే. మన ప్రాంతపు ఎండలో బ్యాటరీలు త్వరగా చచ్చుట సహజము. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగిన రసాయన చర్యల వేగము రమారమి రెండింతలగునను స్థూల నియమము బ్యాటరీ లోపలి తుప్పునకును వర్తించును. ఐతే స్టార్టు కాని ప్రతి కారులోను బ్యాటరీయే చచ్చియుండదు. మల్టీమీటరు అను పరికరము కొన్ని వందల రూపాయలకే దొరకును. కొన్ని గంటలు విశ్రాంతిగా నున్న ఆరోగ్యవంతమైన బ్యాటరీ, ఆరు గదులకు ఒక్కొక్కటి 2.1 చొప్పున, 12.6 వోల్టులు చూపవలెను, 12.2 అనగా సగమే నిండియున్నది. ఇంజను నడచునపుడు సామాన్యముగా 13.8, 14.5 వోల్టుల నడుమ నుండినచో ఆల్టర్నేటరు పనిచేయుచున్నది. ఈ రెండును సరిగానున్నను స్టార్టరు తిరుగకున్న, తీగ బిగింపును చూడవలెను. స్టార్టరు 150 ఆంపియర్లు లాగునపుడు టెర్మినలువద్ద పట్టిన తెల్లని బూజు 0.01 ఓము నిరోధము కలిగించినను, అక్కడనే 1.5 వోల్టులు నశించును. ఇంజను ఆపి, మొదట నెగటివు తీగను విప్పి, రెండు కొసలను శుభ్రపరచి బిగించినచో తీరిపోవు ఈ జాడ్యమునకు క్రొత్త బ్యాటరీ కొనినవారెందరో. బంగారమును గీటురాయిపై గీయక, త్రాసున తూచక ధరకట్టని ప్రొద్దుటూరివారు, బ్యాటరీని కొలువకయే మార్చుటకు ఎట్లు సమ్మతింతురో నాకు తోచదు.

ఇప్పుడు కంపెనీ బిల్లు సంగతి. ఆ బిల్లులో న్యాయమైన భాగము లేదని చెప్పుట అన్యాయము. శిక్షణ పొందిన పనివారు, ఖరీదైన యంత్రములు, విశాలమైన స్థలము, చేసిన పనికి పూచీ, వీనికన్నిటికి ధర యుండును. దానిపై పన్నును ఉండును. కాని బిల్లులో ఇంకొక భాగము కలదు. విడిభాగము మరియెక్కడను దొరకనందున, కోడును లోతుగా చదువు యంత్రము మరియెవరివద్దను లేనందున ఏర్పడు ధర అది. ఇది నా ఊహ కాదు. 2011లో మూడు కార్ల కంపెనీలపై వచ్చిన ఫిర్యాదును విచారణకు తీసికొనిన కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా, ఆ విచారణను ఇతర కంపెనీలకు విస్తరించి, 2014 ఆగస్టు 25న తీర్పునిచ్చెను. విడిభాగములను, పరీక్షా పరికరములను స్వతంత్ర మెకానిక్కులకు అందనీయక పోటీని అణచిరని నిర్ణయించి, 14 కంపెనీలపై మొత్తము 2,544.65 కోట్ల రూపాయల జరిమానా విధించెను. బయట మరమ్మతు చేయించిన మాత్రాన వారంటీ మొత్తము రద్దగునను షరతు చెల్లదనియు, బయటి పని లోపముచే కలిగిన నష్టమునకు మాత్రమే వారంటీని నిరాకరింపవచ్చుననియు ఆ తీర్పులో చెప్పబడినది. పెక్కు కంపెనీలు పై న్యాయస్థానములకు పోయినవి. జరిమానా సంగతి అటుండగా, సామాన్యుడు గ్రహింపవలసిన తత్త్వము మాత్రము ఆ తీర్పులో స్పష్టముగానున్నది.

ఇతర దేశములలోను ఈ పోరాటము జరిగినది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రప్రజలు 2012లో కార్ల మరమ్మతు హక్కును ఓటుద్వారా చట్టముగా సాధించుకొనిరి. 2014లో ఆ సూత్రమును దేశమంతటికి అన్వయించుటకు కంపెనీలు ఒడంబడికకు వచ్చినవి. మన కేంద్రప్రభుత్వపు వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022లో మరమ్మతు హక్కుపై ఒక సంఘమును నియమించి, అదే సంవత్సరము డిసెంబరులో ఒక పోర్టలును ప్రారంభించినది. వ్యవసాయ పరికరములు, మొబైలు ఫోనులు, గృహోపకరణములతోపాటు మోటారు వాహనములును అందు చేర్చబడినవి. ట్రాక్టరు లేని పల్లె లేని మన సీమకు ఇది కారువారి సమస్య మాత్రమే కాదని వేరుగ చెప్పవలసిన పనిలేదు.

కంపెనీకి పోయినవాడు చేయవలసిన పని యొకటి కలదు. బండిని అప్పగించుటకు ముందు మాన్యువల్‌లోని పట్టికను దగ్గరనుంచుకొని, వారు వ్రాసిన ఎస్టిమేటును పంక్తి పంక్తిగా పోల్చవలెను. ఇంజను లోపలి మసి తీయుట, అడుగున పూత వేయుట, ఏ.సి.ని క్రిమిరహితము చేయుట వంటివి ఎస్టిమేటులో కనబడి పట్టికలో కనబడనిచో, ఇవి ఎందుకని మర్యాదగా అడుగవలెను. మార్చిన పాత భాగములను తిరిగి ఈయుమనవలెను. ఇంటిలో చేసిన పనికి కొనిన ఆయిలు, ఫిల్టరు బిల్లులను, తేదీని, కిలోమీటర్లను ఒక పుస్తకమున వ్రాసి దాచవలెను. వారంటీ వివాదమున ఆ పుస్తకమే సాక్ష్యము.

అన్ని పనులును ఇంటిలో చేయదగినవని ఈ వ్యాసము చదివి ఎవరును భ్రమపడరాదు. బ్రేకుల సంగతి చూడుడు. బ్రేకు ద్రవము గ్లైకాలు జాతిది. గాలిలోని తేమను నిరంతరము పీల్చుకొనును. డాట్ 3 తరగతి క్రొత్త ద్రవము 205 డిగ్రీలకు లోపల మరుగరాదు. తేమ పీల్చిన స్థితిలో ఆ హద్దు 140 డిగ్రీలకు దిగును. డాట్ 4నకు ఆ అంకెలు 230, 155. ఇప్పుడు కడపకును రాయచోటికిని నడుమనున్న గువ్వలచెరువు ఘాటువంటి దారిని తలచుకొనుడు. 1,200 కిలోల కారు 200 మీటర్ల ఎత్తు దిగినపుడు విడుదలయగు శక్తి 23 లక్షల జౌళ్ళకు పైన. 30 డిగ్రీల నీటిని ఎనిమిది లీటర్లు మరుగ గాచుటకు చాలినంత. దిగువ గేరులో నడపక, ఈ శక్తి నంతయు బ్రేకులపైననే మోపినచో, డిస్కులు మిక్కిలి వేడెక్కి, తేమపట్టిన ద్రవము మరగి బుడగలు కట్టును. ద్రవము నొక్కుడునకు లొంగదు, ఆవిరి లొంగును. పెడలు నేలవరకు పోవును, బండి ఆగదు. ఈ ద్రవమును సామాన్యముగా రెండేండ్లకొకసారి మార్పింపవలెను, మార్చునపుడు గొట్టములలో గాలి బుడగ ఒక్కటియు మిగులరాదు, ఏ.బి.ఎస్. గల కార్లలో ఈ పనికి కొన్నిచోట్ల కంపెనీ యంత్రము అవసరము. ద్రవపు మట్టమును, ప్యాడ్ల మందమును చూచుట గృహస్థుని వంతు. విప్పి బిగించుట శిక్షణ పొందినవాని వంతు.

ఎయిర్‌బ్యాగును ఎవరును తాకరాదు. అందులో నున్నది ప్రేలుడు పదార్థము. సుమారు 30 మిల్లీసెకనులలో సంచి ఉబ్బును. పసుపుపచ్చని కనెక్టర్లు కనబడినచోట చేయి వెనుకకు తీయవలెను. హైబ్రిడు, విద్యుత్ కార్లలోని నారింజరంగు కేబుళ్ళలో వందల వోల్టుల విద్యుత్తు ప్రవహించును. ఏ.సి. గ్యాసును గాలిలోనికి వదలుట వాతావరణమునకు హాని. టైమింగు బెల్టు బిగింపులో ఒక పన్ను తప్పినను కొన్ని ఇంజనులలో పిస్టనులును వాల్వులును ఢీకొనును. వీనికన్నిటికంటె సామాన్యమైన మృత్యువు జాకీ. జాకీపై మాత్రమే నిలిచిన కారు క్రింద తలపెట్టరాదు. గట్టినేలపై, చక్రములకు రాళ్ళు అడ్డుపెట్టి, ఉక్కు స్టాండ్లపై నిలిపినపిమ్మటనే క్రిందికి దూరవలెను.

ఇంటికిని కంపెనీకిని నడుమ మూడవ మార్గమొకటి కలదు. మన జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల పట్టణములు మూడింటను అత్యధికముగా వాడుకలోనున్నది అదియే. షెడ్డులోని మేస్త్రీ చదువుకొనినది స్వల్పము కావచ్చును. కాని ఇంజను శబ్దమును విని బేరింగు పోయినదో, ట్యాపెట్లు వదులైనవో చెప్పగల చెవి అతనికి కలదు. చిన్నతనమునుండి ఆ పనిలో పెరిగినవారి అనుభవము ఏ పుస్తకములోను దొరకదు. అతనికి కొరతయైనది సమాచారము: క్రొత్త కార్ల వైరింగు పటములు, బిగింపు కొలతలు, కోడుల పరీక్షా క్రమము. ఇవి దాదాపుగా అన్నియు ఆంగ్లమున నుండును, కంపెనీ తలుపుల వెనుక నుండును. చదువుకొనిన కారు యజమాని మాన్యువల్‌లోని అంకెలను, తాను కొలిచిన వోల్టులను, ఫోనులో చదివిన కోడును వ్రాసికొని పోయి మేస్త్రీ ముందుంచినచో, ఆ యిద్దరి కూడికవలన జరుగు మరమ్మతు కంపెనీ మరమ్మతునకు ఏమాత్రమును తీసిపోదని నా నిశ్చితాభిప్రాయము. అతని కూలిని బేరమాడి తగ్గించుట మాత్రము మేలుకాదు. బ్యాటరీ మార్చవద్దు, తీగ శుభ్రపరచిన చాలునని సత్యము చెప్పిన మేస్త్రీకి, వస్తువు అమ్మినవానికంటె ఎక్కువ గౌరవము, తగిన రుసుము చెల్లవలెను. సత్యమునకు ధర ఈయనిచోట అనవసరపు వస్తువులే అమ్ముడగును.

ప్రొద్దుటూరున యోగివేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల కలదు; పులివెందులలో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాల కలదు. రెండింటను మెకానికల్ శాఖలున్నవి, ప్రయోగశాలలున్నవి, సెలవుదినములలో అవి తాళము వేసియుండును. ఈ పట్టణముల షెడ్లలో పనిచేయు యువకులకును, ఆసక్తిగల కారు, ట్రాక్టరు యజమానులకును ఆదివారముల యందు మల్టీమీటరు వాడుట, కోడు చదువుట, టార్కు పానాతో బిగించుట, బ్రేకు ద్రవమును పరీక్షించుట తెలుగులో నేర్పు తరగతులను ప్రారంభింపవలసినదని, పాఠములను తెలుగులోనే అచ్చువేయించి జమ్మలమడుగు వంటి చోట్లకును పంపవలసినదని ఆ కళాశాలల అధ్యాపకులను వినయపూర్వకముగా ప్రార్థించుచున్నాను.